తనంతట తానే అరిచే పెట్టె

ఇనుప గనుల ఊరు బచేలిలో మా క్వార్టర్ ముందుగదిలో ఒక పాత మ్యూజిక్ సిస్టమ్ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాను. ఈ వానాకాలం దానికి పిచ్చి పట్టింది. స్విచ్ వేస్తే చాలు, వాల్యూమ్ దానంతటదే పెరిగి ఇల్లు దద్దరిల్లేది. క్యాసెట్ పెడితే మధ్యలో రేడియోకి దూకేది. గనిలో ఇన్‌స్ట్రుమెంట్లు బాగుచేసే పని నాది. అక్కడి మొండి సెన్సర్లన్నీ నా మాట వింటాయి, ఇంట్లో పెట్టె వినకపోతే తిక్క రాదూ!

మామూలుగా అయితే వదిలేసేదాన్నే. కానీ పక్క క్వార్టర్ వదిన ఆదివారం ఇల్లు ఖాళీ చేస్తోంది. వాళ్లాయన రిటైరయ్యారు, మా పక్క జిల్లా బీజాపూర్ అవతల వాళ్ల ఊరికి వెళ్లిపోతున్నారు. నా పెళ్లయిన కొత్తలో మేమిద్దరం ఈ పెట్టెకి మైకు తగిలించి మా క్వార్టర్ల లైను వార్తలు చదివి రికార్డు చేశాం. ఎవరింట్లో పప్పు మాడింది, ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టింది, అలాంటి వార్తలు. వెళ్లేలోపు ఆ క్యాసెట్ ఒక్కసారి వినాలని వదిన కోరిక. నిజం చెప్పాలంటే నాదీ అదే. ఆవిడ లేని వరండా తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

"ఏంది వదినా, ఇంకా పలుకుతలేదా నీ పెట్టె?" అని ఆవిడ రోజూ గుమ్మంలోంచి అడిగేది. మేం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

"బుర్ర పోయినట్టుంది వదినా" అన్నాను.

బుర్ర అంటే మైక్రోకంట్రోలర్. ఏ బటన్ నొక్కితే ఏం చెయ్యాలో నిర్ణయించే నల్లటి చిప్పు. దానికి అందే కరెంటు చూశాను, సరిగ్గానే ఉంది. పక్కనే ఉండి దానికి గడియారంలా తాళం వేసే క్రిస్టల్ మార్చాను, లాభం లేదు. అలాంటి చిప్పు ఇప్పుడు దొరకదు. దొరికినా, తయారుచేసినవాళ్లు రాసిన ప్రోగ్రాం లేకపోతే అది ఉత్త డొల్ల.

"దానికీ రిటైర్మెంట్ వయసొచ్చింది, వదిలెయ్" అన్నారు మా ఆయన. ఆయన మీద కోపం స్క్రూల మీద చూపించాను.

శనివారం పొద్దున, ఆఖరి ప్రయత్నంగా, బటన్ల నుంచి చిప్పుకి వెళ్లే తీగ మీద మీటరు పెట్టాను. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. అయినా ముల్లు కదులుతోంది. బటన్ల బోర్డు కనెక్షన్ ఊడదీశాను. వాల్యూమ్ బుద్ధిగా ఉన్నచోటే ఆగిపోయింది. పాపం, చిప్పుకి ఏ రోగమూ లేదు. ఎవరో బటన్ నొక్కుతున్నారని నమ్మి పని చేసుకుపోతోంది, అంతే.

ముందు పలక విప్పితే బటన్ల వెనక ఎర్రటి పూత. ఇనుపరాయి దుమ్ము తడిసి, గడపకి పూసిన జాజుమట్టిలా గట్టిపడింది. వానాకాలపు చెమ్మకి కరెంటు అందులోంచి దారి చేసుకుంటోంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. మా ఊళ్లో కొండను తవ్వడం మామూలే కనుక నాకు నవ్వొచ్చింది.

కానీ అంత బురద లోపలికి ఎలా వెళ్లింది? ఇక్కడి దుమ్మును పొడిగుడ్డతో దులిపితే లేచి మళ్లీ అక్కడే వాలుతుంది. అందుకే మా ఆడవాళ్లం అన్నీ తడిగుడ్డతోనే తుడుస్తాం, టీవీతో సహా. నాకు షిఫ్టున్న రోజుల్లో తాళంచెవి వదిన దగ్గరే ఉండేది. నేను వచ్చేసరికి ఇల్లు తళతళలాడేది. ఈ పెట్టెనైతే, మన వార్తల పెట్టె అంటూ, బటన్ బటనూ విడివిడిగా తుడిచేది. ఇన్నేళ్ల ఆ ప్రేమంతా సందుల్లోంచి లోపలికి దిగింది.

పాత టూత్‌బ్రష్‌తో, స్పిరిట్‌తో శుభ్రం చేసి, ఆరబెట్టి బిగించాను. సాయంత్రం వదినని పిలిచి క్యాసెట్ పెట్టాను. కాస్త గరగర తర్వాత వదిన పడుచు గొంతు వినిపించింది.

"వార్తలు చదువుతున్నది మీ వదిన. ఈ పొద్దు మన లైన్ల నీళ్లు రాలే. పక్కింటి వదిన తానం చెయ్యకుండనే డ్యూటీకి పోయింది!"

వెనక నా నవ్వు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"ఏంది వదినా దీనికొచ్చిన రోగం?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"చెమ్మ" అన్నాను.

క్యాసెట్ అయిపోయాక వదిన అలవాటుకొద్దీ వంటింట్లోకి వెళ్లి తడిగుడ్డ పిండి తెచ్చింది. వద్దనబోయి ఆగాను. వాల్యూమ్ బటన్ చుట్టూ వేలు తిప్పి తిప్పి తుడుస్తోంది. పెట్టె మళ్లీ పాడైతే విప్పుకోవడం నాకొచ్చు. రేపటి నుంచి ఈ చెయ్యి ఉండదు. తుడవనిచ్చాను.