పానిక్‌లో పాణం లేదు

మా పై పోర్షన్ అంకుల్ మొన్న మంగళవారం పోయారు. నాచారంలో మా షాపులో ఏసీ విప్పుతుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వెంటనే నా ఛాతీ బిగుసుకుంది, చేతులు చల్లబడ్డాయి. అలా అయినప్పుడల్లా నేను ఒకరికే ఫోన్ చేసేవాణ్ని. అలవాటుగా ఆ నంబరే నొక్కాను. మోగుతుండగా గుర్తొచ్చింది, ఎవరికి చేస్తున్నానో.

ఈ భయం మొదటిసారి ఉప్పల్ మెట్రోలో పట్టుకుంది. తలుపులు మూసుకోగానే ఊపిరాడలేదు. తర్వాతి స్టేషన్‌లో దిగి దవాఖానాకు పరిగెత్తాను. డాక్టర్ పరీక్షలు చేసి, ఇది పానిక్ అటాక్ అన్నాడు. నేను తొమ్మిదిలోనే బడి మానేసినవాణ్ని. మా ఇంట్లో ప్రాణాన్ని పాణం అంటాం. నా చెవికి అదే వినపడింది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ గుమ్మంలోనే కూలబడింది. "పాణం అటాకేంది దేవుడా! పోరనికి ఇంకా పెండ్లి గూడ గాలే!"

ఆ ఏడుపు విని అంకుల్ కిందికొచ్చారు. ఏదో ల్యాబ్‌లో చేసి రిటైరైన మనిషి, కోస్తా వైపు వారు. డాక్టర్ చీటీ చూసి నవ్వేశారు.

"పాణం కాదమ్మా, పానిక్. ప్రాణం దీన్లో ఎక్కడా లేదు. గ్రీకు వాళ్లకి పాన్ అని ఒక దేవుడు. మేకకాళ్లు, కొమ్ములు, కొండల్లో మందలు కాస్తాడు. మనుషుల్లేని చోట ఊరికే భయం పుట్టి పరిగెడితే, ఇది పాన్ పనే అనేవాళ్లట. ఆ భయానికి ఆయన పేరే పెట్టారు."

"మేకకాళ్ల దేవుడా? మా తాత సూస్తే మందనంత అప్పజెప్పేటోడు" అన్నాను.

"మేకలు బెదిరితే మీ తాత ఏం చేసేవాడురా?"

"ఎంట ఉరకకపోయేది అంకుల్. ఉరికితే ఇంకా బెదురుతయి. ఆడనే నిలబడి మాట్లాడుకుంట ఉండేటోడు."

"మరింకేం!"

గేటు దగ్గర కూరగాయలమ్మే ఆమెను "మీది ఏ ఊరమ్మా" అని అడిగినట్టే, పేపర్లో ఇంగ్లిష్ మాట కనపడితే "దీనిది ఏ ఊరో" అనేవారు అంకుల్. "ఊరు తెలిస్తే కొత్త మనిషంటే బెరుకు తగ్గుతుంది. మాటైనా అంతే."

ధైర్యంగా ఉండు అని మాత్రం నాతో ఎన్నడూ అనలేదు. ఫోన్ చేస్తే, "వచ్చాడా మీ మేకలాయన? రానీ. నీ ఎదురుగా ఏముందో చెప్పు" అనేవారు.

"చాయ్ బండి అంకుల్. ట్రాఫిక్ పోలీసు."

"పొట్ట ఉందా ఆయనకి?"

"మస్తుంది."

నవ్వొచ్చేది. ఆ తర్వాత ఊపిరి వచ్చేది.

భయం పోయిందని చెప్పను. శ్మశానం దగ్గర మళ్లీ మొదలైంది. "తమ్ముడూ, ఈ మూల నువ్వు పట్టు" అన్నారు అంకుల్ వాళ్ల అల్లుడు. మధ్యలో వదిలేసి ఉరికితే? అంకుల్ కింద పడితే? ఆ ఫికర్‌తోనే పాడెకు భుజం పెట్టాను. గుండె చెవుల్లో కొట్టుకుంది. అయినా దించేదాకా పాడె వదల్లేదు.

మంట అంటుకున్నాక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. చాలాసేపటికి బయటికొస్తే, గేటు దగ్గర అందరూ విడిచిన చెప్పుల్లో నావి మాత్రమే మిగిలి ఉన్నాయి.