కప్ప ఫోటో

ఆ రోజుల్లో ఏ విద్యయినా పుస్తకం చదివితే వచ్చేస్తుందని నా నమ్మకం. ఈత గురించి చదివాను (నీళ్లలో దిగలేదు). ఫోటోలు తీయడం గురించి గ్రంథాలయంలో దొరికిన ఒకే ఒక్క పుస్తకం రెండుసార్లు చదివి నోట్సు రాసుకున్నాను. కెమెరా మాత్రం ముట్టుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ జ్ఞానమంతా ఆఫీసులో రోజూ వినిపించేవాణ్ణి. మనుషుల్ని ఎవరైనా తీస్తారు, నేనైతే మా తోటలో కప్పను తీస్తానని కూడా ప్రకటించాను. చివరికి విసుగెత్తి, మేమంతా కెమెరా అన్న అని పిలిచే సీనియర్ ఒక శనివారం తన కెమెరా నా చేతిలో పెట్టాడు. "ఒక్కటే ఫోటో మిగిలింది తమ్మీ. సోమవారం రీలు కడగనీకి ఇస్త. నీ కమాల్ ఏందో సూద్దాం."

ధూల్‌పేటలో మా ఇంటి వెనక తోట ఉండేది (తోటంటే ఒక జామచెట్టు, కరివేపాకు, ఒక నీళ్ల గోలెం). ఆ ఏడు వానలు లేవు. గోలెం కింది తడిలో ఒకే ఒక్క కప్ప బతుకుతోంది. ఆదివారం పొద్దున్నే మట్టిలో బోర్లా పడుకుని, పుస్తకం చెప్పినట్టు ఊపిరి బిగబట్టాను. కప్ప రాలేదు, నాకు దగ్గు వచ్చింది. ఎలాగో అది బయటికి రాగానే గంప బోర్లించి, ఎండ సరిగా పడేదాకా ఆగుదామని పక్కనే కూర్చున్నాను. అంతలో గల్లీ ఆడవాళ్లు రోకలి, వేపమండలు పట్టుకుని వచ్చారు. వాన కోసం కప్పతల్లి ఆడాలి. రోకలికి కప్పను కట్టి తిప్పితే ఇంటింటివాళ్లూ నీళ్లు పోస్తారు. బస్తీ అంతా వెతికినా కప్ప దొరకలేదట. మా అమ్మ క్షణం కూడా ఆలోచించలేదు.

"మావోని గంప కింద ఉంది, తీస్కపోండ్రి."

"అమ్మా, గది నా కప్ప!"

"నీ కప్పనా? నువ్వు గన్నవా ఏంది?"

"రేపు ఆఫీసుల నా ఇజ్జత్ పోతది" అన్నాను (అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు).

"నీ ఇజ్జత్ కోసం వాన ఆగాల్నా బిడ్డా?" అంది రోకలి పట్టుకున్న ముసలమ్మ. అందరూ నవ్వారు. అమ్మే తీర్పు చెప్పింది: "కట్టినంక మొదటి నీళ్లు నేనే పోస్త. గప్పుడు గుంజుకో నీ ఫోటో."

కట్టారు. నేను మోకాళ్ల మీద కూర్చుని గురిపెట్టాను. అమ్మ బిందె వంచింది. సగం నీళ్లు కప్ప మీద, సగం నా మీద పడ్డాయి. కట్టు వదులై కప్ప వేపమండల్లోంచి జారి నా భుజం మీదికి దూకింది. నేను పెట్టిన కేకలో బటన్ ఎప్పుడు నొక్కుకుపోయిందో తెలియదు. కప్ప మోరీ కాలువలోకి దూకి మాయమైంది. వినాయకుల్ని చేసే పక్కింటి తాత రెండు నిమిషాల్లో మట్టికప్పను చేసిచ్చాడు. వాళ్ల పని ఆగలేదు. నాదే ఆగిపోయింది.

ఫోటో వచ్చింది. అందులో బిందె వంచి, నోరంతా తెరిచి నవ్వుతున్న మా అమ్మ ఉంది, కాస్త వంకరగా. కెమెరా అన్న దాన్ని చాలాసేపు చూసి, "కప్ప చీర కట్టుకుందా తమ్మీ?" అన్నాడు. సిగ్గుతో దాన్ని పుస్తకంలో దాచాను. అమ్మ వెతికి తీసి అద్దం కట్టించింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ "మావోడు దీసిన కప్ప ఫోటో" అని చూపించేది. కప్పేదని అడిగితే, "వాని భుజం మీద ఉండె" అనేది.

కిందటి నెల అమ్మ పోయింది. దండ వేయడానికి ఫోటో వెతికితే అన్నింట్లోనూ బిగుసుకుని కూర్చుని ఉంది. "అన్నా, ఆ కప్ప ఫోటో తే" అంది చెల్లెలు. పదకొండో రోజున దానికే దండ వేశాం. పరామర్శకు వచ్చిన ఒకాయన దాని ముందు ఆగి, "ఎవరు తీసిండ్రు? మస్తుగ వచ్చింది" అన్నాడు.

"నేనే" అన్నాను. బటన్ నొక్కుకుపోయిన ఆ క్షణంలో నా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయని ఆయనకు చెప్పలేదు.