పిలిస్తే వచ్చిన గుర్రం

గ్వెల్ఫ్ నుంచి మిస్సిసాగా వెళ్లే బస్సులో నా పక్కన ఒక కెనడియన్ పెద్దావిడ కూర్చుంది. ఆవిడ ఫోన్లో గుర్రం ఫొటో చూస్తుంటే, బాగుందన్నాను.

"ముసలిదైందని అమ్మేశాను. కొన్నవాడు పిల్లలకి స్వారీ నేర్పడానికన్నాడు. మాంసానికి పంపేశాడని తర్వాత తెలిసింది," అంది.

నేను బీఫ్ ముట్టను. ఆ ధీమాతోనే కాబోలు, "మీరు ఆవుల్ని తింటారు కదా, గుర్రమైతే తేడా ఏముందండీ?" అని అడిగాను.

ఆవిడ కోప్పడలేదు. "కొన్నవాడు తీసుకెళ్లడానికొచ్చిన రోజు అది లారీ ఎక్కనని మొండికేసింది. ముగ్గురు లాగినా కదల్లేదు. నేను లారీలోకెళ్లి పేరు పెట్టి పిలిచాను. వెంటనే ఎక్కేసింది," అంది.

నా ప్రశ్నలో న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడని మాత్రం అడగకుండా ఉండాల్సింది.