షట్టరు దించాక పని లేదన్న మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు మార్టూరు దగ్గర ఒక పల్లెలో, ప్రార్థన కూటం మధ్యలో అందింది. ఇటుకల బట్టీల్లో మగ్గిపోయిన ఇశ్రాయేలు ప్రజల గురించి గొంతు చించుకుంటున్నాను. మా సంఘపెద్ద సైకిలు దిగి, జనం వెనక నిలబడి చెయ్యెత్తాడు. ఆయన మొహం చూసి మాట మధ్యలో ఆగిపోయాను.

"మీ వదినమ్మ ఇక లేదయ్యా. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది. మళ్ళీ లేవలా."

మైకు పట్టుకున్నాక నన్ను ఆపగలిగినవాళ్ళు ఇద్దరే: కరెంటు ఆఫీసు వాళ్ళు, మా వదిన. ఆ రోజూ ఆవిడే ఆపింది.

మా అన్న చనిపోయేనాటికి ఇద్దరు పిల్లలూ చిన్నవాళ్ళు. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, ఒక పొద్దున తల దువ్వుకుని, చిలకలూరిపేట బజారులో నేను పనిచేసే బట్టల షాపుకి నా వెనకే నడిచొచ్చింది. చీరల వైపు ఆవిడ, పంచెల వైపు నేను. పగలంతా పంచెలు కొలవడం, ఆదివారం వాక్యం చెప్పడం నా బతుకు. బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. పంచెల బీరువా పక్కన, బేరానికీ బేరానికీ మధ్య గ్రంథం ఒళ్ళో పెట్టుకుని చదివిందే నా చదువు.

ఆవిడవి చిన్నప్పుడు పత్తి తీసిన చేతులు. అరచెయ్యి ఆనిస్తే పట్టుచీర పోగు లేస్తుందని, వేళ్ళ వెనక వైపుతో తడిమి చూపించేది. కొత్తగా చేరినవాళ్ళు అదేదో పెద్ద షాపుల పద్ధతి అనుకుని అలాగే తడిమేవాళ్ళు. అది చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే మొదటి ముద్ద పక్కవాళ్ళ పచ్చడితో తినాల్సిందే. "మన పచ్చడి రుచి మనకి తెలుసు గదా" అనేది.

నా ప్రసంగాలంటే మాత్రం ఆవిడకి వేళాకోళం. "మరిదీ, నువ్వు అరిస్తే పరలోకం దాకా వినపడుద్ది. షావుకారు పరలోకంలో లేడు గదయ్యా, గల్లాపెట్టె దగ్గరున్నాడు" అనేది.

ప్రియులారా, ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆ రోజుల్లో బజారంతటా ఒక అన్యాయం ఆచారంలా నడుస్తుండేది. ఒక పెళ్ళివారు వచ్చి కూర్చున్నారంటే పరుపుల మీద చీరలు కొండలా పడేవి. అవన్నీ మళ్ళీ మడిచి, అట్టలు పెట్టి, రంగుల వారీగా బీరువాల్లో సర్దాలి. షాపు తెరిచిన దగ్గర్నుంచి ఏడింటికి షట్టరు దించేదాకానే మాకు జీతం. మడతలు మాత్రం షట్టరు దించాకే. లోపల మేము, బయట తాళం. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకి ఆఖరి బస్సు పోయేది. మా వదిన ఇంటికెళ్ళేసరికి పిల్లలు పొయ్యి వెలగని ఇంట్లో గడప మీదే నిద్రపోయి ఉండేవాళ్ళు.

అడిగితే షావుకారు గారి జవాబు ఒకటే. "విప్పింది మీరే గదా? మీరే మడవాలి. బేరం చేయటం పనిగాని, మడత పెట్టటం పనేంటయ్యా!"

పంట కోసినవాడి కూలి బిగబట్టితే ఆ కూలే దేవుడి చెవుల్లో మొర పెడుతుందని నేర్చుకున్నవాణ్ణి నేను. ఒకరోజు ఆగలేకపోయాను. గల్లాపెట్టె ముందు నిలబడి, "మీరు ఫరో లాంటివారు! గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చెయ్యమన్న ఫరో!" అని ఉరిమాను. ఆయన లెక్క ఆపి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఆ ఫరో ఎవరు? ఒంగోల్లో కొత్తగా షాపు పెట్టాడా?" అని అడిగాడు.

వదిన వారం రోజులు నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. గోదాము వెనక అందరం అన్నాలు తింటుండగా క్యారేజీ మూత పెట్టి చెప్పింది. "రేపట్నుంచి ఒక్కటే పని చేద్దాం. విప్పిన చీర మడవందే ఇంకోటి విప్పొద్దు. మడతలన్నీ పగలే అయిపోతయ్యి. షట్టరు పడేసరికి పరుపు మీద ఒక్క గుడ్డ ఉండకూడదు."

"బేరాలు పోతయ్యక్కా. షావుకారు పంపించేస్తాడు" అంది పక్కనున్నామె.

"పంపిస్తే నన్నే ముందు పంపిస్తాడు, మొదలెట్టింది నేను గదా. దేవుడే ఆరు రోజులు చేసి ఏడో రోజు మానేశాడు. ఆయనకి లేని మొహమాటం మనకెందుకే?"

వాక్యం అన్నేళ్ళుగా చదువుతున్న నాకు ఆ మాట తట్టలేదు. ఒకటి మాత్రం మీరు మరవొద్దు. ఆ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో తిండి లేదు. నా జీతం నా పిల్లలకే చాలేది కాదు. అది తెలిసే ఆవిడ ఆ మాట అంది.

పెళ్ళిళ్ళ కాలం. మిరపకాయ మంచి ధర పలికిన ఏడు. ఆ మర్నాడే వినుకొండ వైపు నుంచి ఒక ట్రాక్టరు నిండా పెళ్ళివారు దిగారు. పెళ్ళికూతురి నాయనమ్మ పరుపు మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుంది. వదిన ఒక చీర విప్పింది. నచ్చలేదు. వదిన తీరిగ్గా కొసలు కలిపి, మడిచి, అట్ట పెట్టి, బీరువాలో సర్ది, రెండోది తీసింది. నచ్చలేదు. మళ్ళీ మడత.

"ఏందమ్మాయ్, పెళ్ళి ఈ ఏడా, పై ఏడా?" అంది పెద్దావిడ.

"ఈ ఏడే అమ్మగారూ. ఇది మడిచి అది తీస్తా."

"మడతలు తర్వాత పెట్టుకోరాదూ?"

"ఆ 'తర్వాత'కి మాకు జీతం లేదమ్మగారూ. షట్టరు దించి, తాళమేసి మడిపిస్తారు. ఇంటికాడ పిల్లలు అన్నం లేకుండా నిద్రపోతారు."

మా షావుకారు గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి ఒక్క ఉరుకున వచ్చారు. "ఏంటా మాటలు, బేరం దగ్గర? చీరలు విప్పు! ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్ళిపో. నీలాంటోళ్ళు బోలెడుమంది!"

అన్న పిల్లల మొహాలు కళ్ళ ముందు కదిలాయి. వదిన తలెత్తలేదు. చేతిలో చీర కొసలు సరిచూసుకుంటూ, గొంతు పెంచకుండా అంది. "వెళ్తానండీ. ఈ చీర మడిచి వెళ్తా."

సింహాల గుహలో దానియేలు కూడా అంత నిదానంగా కూర్చుని ఉంటాడా అన్నది నాకు అనుమానమే.

పెద్దావిడ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "నువ్వాగమ్మాయ్. ఏమయ్యా షావుకారూ, మా చేలో మిరపకాయ కోసేవాళ్ళున్నారు. పొద్దు గుంకిందంటే బుట్ట సగంలో ఉన్నా కింద పెట్టి పోతారు. ఇంకో సాలు కొయ్యమని అడిగే మొగాడు మా ఊళ్ళో లేడు. అడిగితే తెల్లారి ఒక్కరు రారు, కాయ చెట్టు మీదే పండి రాలుద్ది. మట్టిలో పనికే ఒక పద్ధతుంటే, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి నువ్వు చేయించేదేందయ్యా ఇది?"

"మీకు తెలీదు లెండి పెద్దమ్మగారూ, ఇది వ్యాపారం..."

"నాకు తెలిసిన యాపారం ఒకటుంది. ఆ పిల్ల గడప దాటితే మేమూ దాటుతాం. ట్రాక్టరు బయటే ఉంది." అని వదిన వైపు తిరిగి, "ఆ రెండో కొస ఇటియ్యి" అంది.

ఆరు గజాల చీర రెండు కొసలూ ఇద్దరూ పట్టుకున్నారు. పెద్దావిడ మడత వంకరపోయింది. వదిన కాసేపు ఓర్చుకుంది, ఇక వల్ల కాలేదు. "అమ్మగారూ, మీరు కాయలు కోయించుకోండి, ఇది నాకొదిలెయ్యండి!" షాపు మొత్తం ఘొల్లుమంది. పెళ్ళివారి ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా లేచి తలా ఒక కొసా అందుకున్నారు. నా పంచెల దగ్గరున్న మగవాళ్ళు కూడా చూసి చూసి, విప్పించిన ఉత్తరీయాలు వాళ్ళే చుట్టబెట్టడం మొదలుపెట్టారు. ఎర్ర సముద్రం రెండుగా చీలినప్పుడు అక్కడివాళ్ళు ఏమన్నారో గ్రంథంలో ఉంది. నేనైతే ఆ వేళ పంచెల మధ్య నిలబడి, షాపని కూడా చూడకుండా "హల్లెలూయా!" అని కేక పెట్టాను. ఎవరూ కాదనలేదు.

ఆ పెళ్ళి బట్టలన్నీ మా షాపులోనే కొన్నారు. సాయంత్రం షావుకారు గారు మమ్మల్ని పిలిచి, గోడ వైపు చూస్తూ చెప్పారు. ఏడింటికి కొంచెం ముందే కొత్త బేరాలు ఆపి, షట్టరు సగం దించి, మడతలు ఆ వేళలోనే ముగించాలి. ఏడింటికి అందరూ బయట. ఆయన మారుమనస్సు పొందాడని నేను సాక్ష్యం చెప్పను. మిరపకాయ డబ్బు పక్క షాపుకి పోతుందని భయపడ్డాడు. అయితేనేం! ఫరో మాత్రం మనసు కరిగి వదిలాడా?

పై దసరాలోపు గిన్నెల షాపువాళ్ళు, చెప్పుల షాపువాళ్ళు ఒక్కొక్కరే వదిన దగ్గరకొచ్చి అడిగారు, "అక్కా, మేమేం చెయ్యాలి?" అని. అందరికీ ఒకటే చెప్పేది. "మర్యాదగా అడగండి. అడిగాక మాత్రం కదలొద్దు." ఎవరి షాపుకి తగ్గట్టు వాళ్ళు అడిగారు, నిలబడ్డారు, గెలిచారు. ఆవిడ పిల్లలు దీపం కింద వేడన్నం తిని పెరిగారు. ఇద్దరూ చదువుకున్నారు. షావుకారు గారి కూతురి పెళ్ళికి చీరలు ఎంచింది కూడా మా వదినే. ఆయనే కబురు పెట్టి పిలిపించుకున్నాడు.

నలభై ఏళ్ళు దాటిన ఈ బతుకులో నేను చాలామందికి విడుదల గురించి ప్రకటించాను. ఒకదాన్ని కళ్ళారా చూపించింది మాత్రం ఆవిడే.

మర్నాడు సాయంత్రం భూస్థాపన. ఎండలు ముదిరిన రోజులు కాబట్టి పొద్దు త్వరగా పోదు. గొయ్యి సిద్ధమైంది. గోరీలు తవ్వే అతను తలగుడ్డ విప్పి దులుపుకుంటూ, "ఇక కానిద్దామాండీ?" అన్నాడు. "బజారు వాళ్ళు రావాలి" అన్నాను. ఆగాం.

ఏడు దాటిన కాసేపటికి వచ్చారు. బట్టల షాపులు, గిన్నెల షాపు, చెప్పుల షాపు, ఎరువుల కొట్టు, ఎవరు ఏ షాపో నాకే తెలియనంతమంది. మెడలో కొలత టేపులు తియ్యనివాళ్ళున్నారు, భుజాల మీద నూలు పోగులున్నవాళ్ళున్నారు. అందరి వెనక మా షావుకారు గారు, చెప్పులు చేత్తో పట్టుకుని. పాట ఎత్తుకున్నాను. నా గొంతు మధ్యలోనే పోయింది. పాట ఆగలేదు, వాళ్ళందరూ అందుకున్నారు. సమాధుల దొడ్డి ముళ్ళకంచె పొడుగునా సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. హ్యాండిళ్ళకి ఖాళీ క్యారేజీలు వేలాడుతున్నాయి. ఆకాశంలో ఇంకా వెలుతురుంది.