అన్న దాచిన సూది

మా అన్న కాలు విరిగిన కథను మా క్వార్టర్ల లైనులో నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. నేను చెప్పే రకంలో బొగ్గు రోడ్డుకు అడ్డంగా డంపర్ లారీ అంత బర్రె ఒకటి పడుకుని ఉంటుంది. నిజానికి అది దూడ కావచ్చు. మొదటి షిఫ్టుకు మోపెడ్ మీద పోతున్న అన్న దాన్ని తప్పించబోయి కాలువలో పడ్డాడు. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. గని కంపెనీ దవాఖానలో చేర్చుకుని, లోపల రాడ్ వేసి బిగిస్తామన్నారు.

రాడ్ అనగానే లైను మొత్తానికి నోరు ఎండిపోయింది. మాకు మూడిళ్ల అవతల ఉండే ఒకాయన ఎక్కడో బయట అదే ఆపరేషన్ చేయించుకుంటే, చీము పట్టి, వేసిన రాడ్‌ను మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆయన కట్టు విప్పిన రోజు వాసనకు గోదావరి అవతల మంచిర్యాలలో కిటికీలు మూసుకున్నారని నేను చెబుతుంటాను. అందుకని, కోత పెట్టే ముందు చీము పట్టకుండా ఒక ఇంజెక్షన్ ఇస్తామని డాక్టరు చెప్పగానే నా ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఉసూరుమంది కూడా. డాక్టరుకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు.

చాలా ఏళ్ల కింద, అన్నకు ఇంకా గనిలో ఉద్యోగం కొత్త. ఊళ్లో సెగగడ్డ లేస్తే ఆర్‌ఎంపీ డాక్టరు ఒక సూది వేశాడు. ఆయన సంచి సర్దుకునే లోపలే అన్న పెదవులు పూరీల్లా పొంగాయి, చెవులు బుగ్గల్లో కలిసిపోయాయి, ఊపిరి ఈల వేసింది. ఆ ఆర్‌ఎంపీ ఇంకేదో సూది వేసి, జీపు మాట్లాడి పట్నం దవాఖానకు తోలితే బతికాడు. ‘చీముకు వేసే సూదులు ఎక్కువగా ఇవే, పెన్సిలిన్ జాతి మందు జన్మలో ముట్టుకోకు’ అని ఆర్‌ఎంపీ చేతులు జోడించాడు. ఈ సంగతి అన్నకూ వదినకూ నాకూ తప్ప ఏ కాగితానికీ తెలియదు.

ఎందుకు తెలియదంటే, మా గనుల దగ్గర మనుషులు కంపెనీ డాక్టరుకు చెప్పే విషయాలు వేరు, ఉన్న విషయాలు వేరు. కొన్నేళ్లకోసారి డాక్టరీ పరీక్ష ఉంటుంది. ఫైలులో ఏ జబ్బు పడినా అన్‌ఫిట్ రాసి గని దిగనివ్వరని అందరి భయం. అక్షరం ముక్క రాని ముసలి కాకలు కూడా కళ్ల పరీక్ష బోర్డులో చివరి వరుస ఇంగ్లీషు అక్షరాలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. బీపీ గోలీలు బియ్యం డబ్బాలో ఉంటాయి. అన్న సపోర్ట్‌మన్. గని పైకప్పు కూలకుండా దన్ను నిలబెట్టే పని. ఆ పని పోతే అన్న అనేవాడు ఉండడని అన్న నమ్మకం.

ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్ సిస్టరు అట్టకు క్లిప్పు పెట్టిన కాగితంతో వచ్చింది. మెడలో చిన్న శిలువ, ముక్కు మీద అద్దాలు, ఆ అద్దాల మీదుగా చూపు. ఇదివరకు ఏ డాక్టరుకు నచ్చిన సూది ఆ డాక్టరు, తోచిన టైముకు ఇచ్చేవారట. పైనుంచి ఎవరో వచ్చి పాత కేసు షీట్లన్నీ తిరగేసి మందలించి పోయాక ఒక లిస్టు తయారైంది. ఏ ఆపరేషన్‌కు ఏ సూది, కోతకు ముందు గంట లోపల ఎన్ని గంటలకు, ఎవరిచ్చారు, అన్నీ రాయాలి. మార్చితే కారణం రాసి డాక్టరు సంతకం పెట్టాలి. గని దిగే ముందు లాంపు రూములో హాజరు బిళ్ల చూపకపోతే మేనేజరుకైనా నెత్తిన పెట్టే దీపం ఇవ్వని మనిషిలా, సిస్టరు ఆ లిస్టును పట్టుకుని నిలబడింది.

“ఇంతకుముందు ఏదన్న సూది, మందు పడకపోవుడు అయ్యిందా?”

“నాకా? రాళ్లు తిన్నా అరుగుతయ్ సిస్టర్,” అన్నాడు అన్న. దుప్పటి కింద నా మణికట్టును గిచ్చాడు. ఆ గిచ్చుడు మచ్చ ఇప్పటికీ రూపాయి బిళ్లంత ఉందని చెప్పాలని ఉంది గానీ, లేదు.

సిస్టరు పోగానే గుసగుసగా అన్నాను. “అన్నా, చెప్పరాదు?”

“నోర్ముయ్. సూది ఏసే ముందుగాల తోలు మీద టెస్టు చేస్తరు.”

“ఆ ఆర్‌ఎంపీ గూడ టెస్టు చేసే ఏసిండు గదనే!”

“ఫైలు మీద ఒక్క ముక్క పడ్డదనుకో, నువ్వు నా తమ్మునివే కాదు.”

స్ట్రెచర్ మీద థియేటర్ బయటి గదికి తోసుకుపోయారు. తలుపుకు గుండ్రటి అద్దం ఉంది. వదిన, నేను దాని ముందు నిలబడ్డాం. వదిన చీర కొంగును తాడులా పేనుతోంది.

“నువ్వు చెప్పు మరిదీ.”

“నువ్వు చెప్పరాదు వదినా?”

“నేను చెప్తే జన్మల నాతోని మాట్లాడడు.”

“నాతోని మాట్లాడకున్నా ఏం కాదా?”

“నీకు ఇంకొకలు ఎందుకు? ఒక్కనివే మాట్లాడుకుంటవ్ గద.”

గోడ మీద గడియారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. తొమ్మిదికి సూది అని కాగితంలో చూశాను. చెప్పకుండా సూదిని మార్పించే ఉపాయం ఏదైనా ఉందా అని నా బుర్ర గనిలో బొగ్గు మోసే బెల్టులా తిరిగింది. తలుపు తోసి తల లోపల పెట్టాను.

“సిస్టరక్కా, ఆ సూది వద్దు. ఇంకో పెద్దది ఉంటది గద, అది ఇయ్యిండ్రి.”

“పెద్దదంటే? బర్రెలకు ఏసేదా?”

“మాది గట్టి శరీరం అక్కా. చిన్నయి పనిజెయ్యవ్.”

“లిస్టుల ఉన్నదే ఇస్తం తమ్మీ. మార్చాల్నంటే కారణం రాయాలె.”

“కారణమా... మా ఇంటి దేవునికి ఆ సూదంటే పడదు.”

“మీ దేవుడు వచ్చి సంతకం పెడ్తడా? బయటికి నడువ్.”

తలుపు మూసుకుంది. అద్దంలోంచి చూస్తున్నాను. సిస్టరు చిన్న సీసా మూత ఊడదీసింది. తెల్లటి పొడిలో నీళ్లు ఎక్కించి, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా తిప్పింది. పొడి కరిగి మాయమైంది. సిరంజిలోకి లాగింది. గాలి బుడగ పోవడానికి గోటితో కొట్టింది. అన్న పైకప్పు వంక చూస్తున్నాడు, గనిలో దన్ను చాలదనిపించినప్పుడు చూసినట్టు. నా కాళ్లు నన్ను అడగకుండానే లోపలికి నడిచాయి.

“ఆపు అక్కా! అన్నకు ఆ జాతి సూది పడది. ఒకపారి సచ్చి బతికిండు.”

సిస్టరు చెయ్యి ఆగింది. అన్న స్ట్రెచర్ మీద మోచేతుల మీద లేచాడు.

“వాని మాట ఇనకుండ్రి! పెద్ద అబద్ధాలకోరు. దూడను డంపరంత అంటడు. లైన్ల ఎవలనన్న అడుగుండ్రి!”

అది పచ్చి నిజం. నలభై ఏడేళ్లుగా నేను ఏ వస్తువునూ దాని సైజులో వదిలిపెట్టలేదు. సిస్టరు నన్ను అద్దాల మీదుగా చూసింది. సిరంజి ఇంకా చేతిలోనే ఉంది.

“ఏమైంది? ఎంతసేపటికైంది? పెంచకుండ చెప్పు.”

పూరీలు నోటి దాకా వచ్చాయి. మింగాను. చెవులను కూడా మింగాను. అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు.

“ఐదు నిమిషాల లోపట. పెదవులు వాచినయ్. ఒళ్లంత దద్దుర్లు. ఊపిరి ఆడలే. పెన్సిలిన్ జాతి అని ఆర్‌ఎంపీ చెప్పిండు. సూది పేరు నాకు తెల్వది. గంతే అక్కా.”

సిస్టరు కళ్లు నా వెనక్కి పోయాయి. తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది.

“గది నిజమే సిస్టరమ్మా,” అంది వదిన. “ఇయ్యాల్టికి మా మరిది ఒక్క నిజం చెప్పిండు.”

సిరంజి ట్రేలోకి పోయింది. సిస్టరు మత్తు డాక్టరును, ఎముకల డాక్టరును పిలిచింది. ఇద్దరూ వచ్చి అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. నేను అవే జవాబులు, ఒక్క గింజ పెంచకుండా మళ్లీ చెప్పాను. లిస్టులో రెండో వరుస ఉందట, మొదటిది పడనివాళ్లకు. అది సూదిగా ఒక్కసారే పొడిచేది కాదు, సెలైన్‌లో కలిపి గంటకు పైగా మెల్లగా ఎక్కించాలి. కోత వెనక్కి జరిగింది. ఎముకల డాక్టరు కారణం రాసి సంతకం పెట్టాడు. సిస్టరు ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో, నా కళ్లకు గోదావరి బ్రిడ్జి మీద నుంచి కూడా కనపడేంత పెద్ద అక్షరాలు రాసింది.

“ఇగ నన్ను అన్‌ఫిట్ జేస్తరా?” అన్న గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది.

“సూది పడకుంటె అన్‌ఫిట్ అని ఎవలన్నరు?” అంది సిస్టరు. “ఏ దవాఖానకు పోయినా ఈ సంగతి చెప్పాలె, గంతే. చచ్చినోడే అన్‌ఫిట్.”

అన్న మళ్లీ పైకప్పు వంక చూశాడు. నా వంక మాత్రం చూడలేదు.

సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీలు అదిరినప్పుడు, లోపల అన్న కాలికి డాక్టరు సుత్తితో రాడ్ దిగగొడుతున్నాడేమోనని వదిన నా చెయ్యి పట్టుకుంది. చీకటి పడకముందే బయటికి తెచ్చారు. పెదవులు పెదవుల్లాగే ఉన్నాయి.

మూడో రోజు సిస్టరు కట్టు విప్పింది. అందరికన్నా ముందు ముక్కు పెట్టింది నేనే. వాసన లేదు. సిస్టరు కుట్ల పక్కన వేలితో ఒత్తింది. పొడిగా ఉంది. ఇంటికి పోయే రోజుకూ పొడిగానే ఉంది. అన్న మాత్రం అన్ని రోజులూ నాతో వదిన ద్వారానే మాట్లాడాడు. ‘వాన్ని నీళ్లు తెమ్మను’, ‘వాన్ని పక్కకు జరుగమను’.

డిశ్చార్జి కాగితం రాస్తూ సిస్టరు తల ఎత్తింది. “ఇంకేమన్న దాచినవా పెద్దమనిషీ? బీపీ? షుగరు? ఇప్పుడే చెప్పు.”

అన్న కర్రల మీద సర్దుకుని నిలబడ్డాడు. తర్వాత గడ్డంతో నన్ను చూపించాడు.

“వాన్నే అడుగుండ్రి. నాకన్న ముందుగాల వాడే చెప్తడు.”