విప్పకూడని పొట్లం

మా వంశంలో అమ్మవారిని అడగకుండా ఎవరూ తుమ్మను కూడా తుమ్మరు. పెళ్ళిసంబంధం మాట సరే, అంగడి వాకిలి ఏ దిక్కుకు పెట్టాలి, పుచ్చిన పన్ను పీకించుకోవాలా ఉంచుకోవాలా, అల్లుడికి స్కూటర్ కొనివ్వాలా ఆశ మాత్రం చూపాలా, అన్నిటికీ పూలు కట్టి చూడడమే. మావాళ్ళు పుదుచ్చేరికి వచ్చేనాటికి సముద్రంలో ఇంకా ఉప్పు కలపలేదని మా చిన్నాయన చెప్పేవాడు. అంత పాత కాపురం. అంత కాపురమూ పూలు అడుగుతూనే గడిచింది.

పద్ధతి ఇది. రెండు అరటాకు ముక్కలు తీసుకుని ఒకదాంట్లో మల్లెపూలు, ఇంకోదాంట్లో ఎర్రగన్నేరు పెట్టాలి. రెండూ ఒక్క తీరున మడిచి, అరటినారతో కట్టి, అమ్మవారి పాదాల దగ్గర వెయ్యాలి. అభం శుభం తెలియని చంటిపిల్ల చేత ఒకటి తీయించాలి. తెల్లపూలు వస్తే చెయ్యమని, ఎర్రపూలు వస్తే వద్దని. మిగిలిన పొట్లం విప్పకూడదు, నీళ్ళలో కలిపెయ్యాలి. విప్పి చూశామంటే అమ్మవారి మాట మీద నమ్మకం లేనట్టు.

చిన్నాయనకు నెల్లితోపు బజారులో కిరాణా అంగడి. ఇల్లు ఆ పక్క వీధిలోనే. మనిషి గుప్పెడంత, గొంతు మాత్రం గోపురమంత. ఆయన అంగట్లో నిలబడి "చింతపండూ" అని అరిస్తే కాలాపేటలో పడవలు ఒడ్డుకు తిరిగేవి. చిన్నమ్మ ఆ గొంతుకు సరిగ్గా వ్యతిరేకం. ఆమె మాట వినాలంటే ఇంట్లో గడియారాన్ని ఆపాలి.

ఎదురింటి మేడ మీద చిన్నమ్మ అన్న ఉండేవాడు. నాకు మామ. సర్కారు ఆఫీసులో పనిచేసి దిగిపోయినవాడు. పైనుంచి ఉత్తర్వు రానిదే ఆయన కల కూడా కనడు. కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టినప్పుడు, దేశంలో సంతోషించినవాడు ఎవడైనా ఉన్నాడంటే మా మామే. పొద్దుకొక రూలు. అంగళ్ళు మధ్యాహ్నానికి మూయాలి, గుంపు చేరకూడదు, మనిషికీ మనిషికీ దూరం ఉండాలి. ఆ దూరం పాటించడానికి మామ మేడ దిగడమే మానేశాడు. బావామరుదుల మాటలన్నీ వీధి మీదుగా ఎగిరేవి.

"బావా, షట్టర్ దించేసి వచ్చినావా లేదా? మధ్యాహ్నం దాటింది."

"ఏంది బావా, ఆ పురుక్కి చేతి గడియారం ఉండాదా? మధ్యాహ్నందాకా సుమ్మా పండుకుని, సాపాటు చేసి, అప్పుడు డ్యూటీకి వస్తాందా?"

"రూలంటే రూలే. నీ ఒక్కడికోసం రాసింది కాదు."

"రాసినోడికి నెల తిరిగేసరికి జీతం వస్తాది. నా చింతపండుకు ఎవడిస్తాడు, నువ్విస్తావా?"

ఇద్దరి మాటలోనూ నిజం ఉండేది. అదే మాకు పట్టిన శని. రూలు లేకపోతే జనం రథోత్సవానికి వచ్చినట్టు బజారులో పడేవారు. రూలు ఉన్నందువల్ల, రోజంతా మెల్లగా రావలసిన జనం పొద్దున్నే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వచ్చేవారు. ఆ తోపులాట మధ్య చిన్నాయన మాస్కును గడ్డానికి తగిలించుకుని పప్పు తూచేవాడు. ముక్కుకు పెట్టుకుంటే అరుపు సరిగ్గా రాదని ఆయన బాధ.

తర్వాత టీకా వచ్చింది. మా ఇళ్ళలో దాన్ని అరవవాళ్ళ లాగే ఊసి అంటారు. ఊసి రాగానే వీధి రెండుగా చీలింది.

"ఏండ్లు పట్టే పనిని నెలల్లో చేసినారంట. నాటిన నెలకే కాసిన మామిడికాయ ఇస్తే నువ్వు తింటావా బావా?" అని చిన్నాయన.

"ఇల్లు అంటుకుంటే ముహూర్తం చూస్తామా బావా? దొరికిన నీళ్ళు పోస్తాం."

"ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వేవోణ్ణి ఏమంటారో నీకు తెలీదా?"

వీధి అంతా నవ్వింది. మేడ మీద మామ ముఖం ఎర్రబడింది. చిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. చిన్నాయనకు చక్కెర జబ్బు. మా వీధిలో ఎవరికీ లేనంత చక్కెర. ఆయన గోడకు ఆనుకుంటే చీమలు బారులు తీరేవి. అలాంటి మనిషి రోజూ పొద్దున ఊరంతటి ఊపిరి పీలుస్తూ నిలబడుతున్నాడు. ఆమెకు అదొక్కటే కనిపించేది. మూడు పూటలా బతిమాలేది, ఆయన వినేవాడు కాడు. ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా, "పూలు కట్టి అడుగుదాం" అంది.

అమ్మవారితో వాదించే మగవాడు మా వంశంలో ఇంతవరకు పుట్టలేదు. "సరే. అమ్మ ఏం చెప్తే అదే," అన్నాడు చిన్నాయన.

గుడికి తాళం. పూజారి తన ఊళ్ళో చిక్కుకుపోయాడు. పొట్లం తీయడానికి పక్కింటి పాపను పంపమంటే, వాళ్ళు మమ్మల్ని పులి బోనులోకి బిడ్డను అడిగినట్టు చూసి తలుపు వేసుకున్నారు. చివరకు పూలు చిన్నమ్మే కట్టింది. ఇంట్లో పటం ముందే పెట్టింది. "మీరే తియ్యండి. కండ్లు మూసుకుని," అంది.

చిన్నాయన స్నానం చేసి, తడిబట్టతో వచ్చి, కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. నార తెంపాడు. అరచేతి నిండా మల్లెలు. పడవలను ఒడ్డుకు తిప్పే గొంతు, "సరే" అని దీపానికి మాత్రమే వినబడేటట్టు అంది.

చిన్నమ్మ రెండో పొట్లం నా చేతిలో పెట్టింది. "సముద్రంలో కలిపేసి రా నాయనా. విప్పొద్దు." ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

బీచికి పోయే దారంతా అడ్డం కట్టి ఉంది. అక్కడ ఒక పోలీసాయన నిలబడి ఉన్నాడు. అతని లాఠీ ఫ్రెంచివాళ్ళు కట్టిన పాత దీపస్తంభం కన్నా ఒక మూర పొడుగు. నేను నోరు తెరవకముందే అది లేచింది. స్కూటర్ తిప్పేశాను. పొట్లం ముందుపెట్టెలో పడేశాను. అక్కడ అది పాత బిల్లుల కింద చేరింది, నేను మరిచిపోయాను.

ఊసి వేసేది ఒక బడిలో. నేనే తీసుకుపోయాను. చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, "ఇట్టాంటి బెంచీ మీద నన్ను కడాసారి కూర్చోబెట్టింది కూడా కొట్టేదానికే," అన్నాడు చిన్నాయన. వరసలో అందరూ నవ్వారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ముఖం నావైపు తిప్పుకున్నాడు. ఊసి పడ్డాక, "ఇంతేనా? దీనికోసమా బావతో అంత గొంతు చించుకుంటి?" అన్నాడు.

సాయంత్రానికి ఒళ్ళు కాగింది. మామ మేడ మీదనుంచి, "జొరం వస్తే మంచిదే, మందు పనిచేస్తాందని," అన్నాడు. ఆ మాట మామూలుగా నిజమే. కానీ జ్వరం వెంట దగ్గు వచ్చింది. దగ్గు వెంట ఆయాసం వచ్చింది. పరీక్ష చేస్తే కరోనా అన్నారు. ఆస్పత్రిలో పడక దొరికే లోపల చిన్నాయన గొంతు పక్క గదిలోకి కూడా వినబడడం మానేసింది. డాక్టరు ఫోన్లో నాకు ఓపికగానే చెప్పాడు: ఊసి వేసే రోజుకే జబ్బు ఒంట్లో దిగి ఉంది. ఊసి ఒంటికి బలం ఇవ్వడానికి వారాలు పడుతుంది, దానికి ఆ వ్యవధి దొరకలేదు. జబ్బు ముందుగా వచ్చింది, అంతే.

చిన్నాయన తిరిగి రాలేదు.

దహనానికి ఇంతమందే లోపలికి రావాలని రూలు. మామ ఆ రోజు మేడ దిగాడు. గేటు దగ్గర పోలీసు లెక్కపెట్టి, మామ ముందు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సామీ, ఆయన నా బావ," అన్నాడు మామ. "ఇన్ని నెలలూ మేడ మీదనుంచే మాట్లాడితిని. దగ్గరకు పోయి ఒక్కమాట అనలే. ఇప్పుడు పోనీ."

"రూలు సార్," అన్నాడు పోలీసు. మర్యాదగానే అన్నాడు.

మామ తల ఊపాడు. "రూలు. అవును," అని గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మేము బయటికి వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడు. చేతికి తుప్పు అంటుకుంది.

కర్మలకు మా బాహూరు పొలంనుంచి బియ్యం తేవాలి. ఆ దారిలో ఒకచోట తమిళనాడు ముక్క అడ్డం వస్తుంది. అక్కడొక చెక్‌పోస్టు. పుదుచ్చేరి బండి అంటే పెట్టెలో బ్రాందీ సీసా ఉండి తీరాలని ఆ చెక్‌పోస్టువాళ్ళ వేదం. నా పెట్టె తెరిపించారు. బిల్లుల కింద, వాడిన ఆకులో కట్టిన పొట్లం కనబడింది. పోలీసు కళ్ళు ఇడ్లీపళ్ళేలయ్యాయి. గంజాయి అనుకున్నాడు. నన్ను ముట్టుకుంటే రోగం, ముట్టుకోకపోతే కేసు జారిపోతుంది. లాఠీ కొసతో చూపించి, "నువ్వే విప్పు," అన్నాడు.

విప్పొద్దని అమ్మవారు. విప్పమని సర్కారు. ఎండలో నిలబడి విప్పాను.

ఆకు పెళపెళలాడింది. లోపల పూలు ఎండి తుప్పురంగులో ఉన్నాయి. ఎర్రగన్నేరే అనుకున్నాను ఒక క్షణం. మల్లెపూవు ఎండితే తెలుపు ఉండదు కదా. కానీ గన్నేరుకు ఆ మొగ్గ ఉండదు, ఆ సన్నని కాడ ఉండదు. వేలితో కదిపి చూశాను. అన్నీ మల్లెలే. ఒక్కటంటే ఒక్క గన్నేరు రేకు లేదు.

"పూవా? సరి, పో," అన్నాడు పోలీసు విసుగ్గా.

మళ్ళీ కట్టి పెట్టెలో పెట్టుకున్నాను. ఆ రోజు చిన్నాయన ఏ పొట్లం తీసినా తెల్లపూలే వచ్చేవి. చిన్నమ్మ అమ్మవారిని అడగలేదు. అమ్మవారి తరఫున తానే జవాబు చెప్పుకుంది, ఆయన బతకాలని.

ఇంట్లో పరామర్శలు నడుస్తున్నాయి. వాకిట్లో నిలబడి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట: "నీ తప్పేముందమ్మా, అమ్మవారే తెల్లపూవు ఇచ్చె గదా. ఆయమ్మ రాసింది, ఆయన పోయినాడు." ఆ మాట అన్న ప్రతిసారీ చిన్నమ్మ ఇంకొంచెం చిన్నదయ్యేది. చివరికి పీటకూ ఆమెకూ తేడా తెలియకుండా పోయింది. అన్నం ముందు పెడితే మెతుకులు లెక్కపెట్టి లేచిపోయేది.

వీధిలో వాదన మాత్రం చావలేదు. ఊసే మింగిందని పక్కింటాయన. రోగం మింగిందని మామ. డాక్టరు మాటను మామ మేడ మీదనుంచి దండోరా వేసినట్టు రోజూ చదివేవాడు. "చెల్లా, నువ్వైనా వేసుకో. నీ మాదిరి మనుషుల కోసమే గదా అది ఉండేది," అనేవాడు. చిన్నమ్మ తలుపు మూసేది.

ఒక పొద్దున నేను వెళ్ళేసరికి చిన్నమ్మ తలంటుకుని, పెట్టెలోని మంచి చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. "నాకు ఊసి వేయించు. పా," అంది. మామ మేడ మీద చప్పట్లు కొట్టినంత పని చేశాడు. చివరకు తన మాట గెలిచిందనుకున్నాడు. స్కూటర్ వెనక కూర్చుని, బజారు దాటాక, నా వీపుకు చెప్పింది చిన్నమ్మ.

"ఆయన్ను అదే తీసకపోయి ఉంటే నన్నూ తీసకపోనీ. ఆయన చేత వేయించింది నేనే గదా."

స్కూటర్ ఆపేశాను. "దిగు చిన్నమ్మా, ఇంటికి పోదాం. దీనికోసమైతే నేను తీసకపోను."

"నడిచి పోతా," అంది. దిగి నడవడం మొదలుపెట్టింది కూడా. ఆ ఎండలో, ఆ చీరతో. జబ్బునుంచి ఆమెకు కాపలా కూడా ఆ ఊసే కదా అనుకుని, ఎదురుగా వెళ్ళి మళ్ళీ ఎక్కించుకున్నాను. ఆమె ఎందుకు వేయించుకుంటేనేం, వేయించుకోవడం నాకు కావాలి.

నర్సు ముందు, ఉరికంబం ముందు తల వంచినట్టు చెయ్యి చాపింది.

ఇంటికి వచ్చి చిన్నాయన కుర్చీలో కూర్చుంది. థర్మామీటరు పక్కనే పెట్టుకుంది. గంటకొకసారి నాలుక కింద పెట్టుకుని, తీసి, కిటికీ వెలుగులో చూసేది. నేను కదలలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చెయ్యి కొంచెం నొప్పి, అంతకుమించి ఏమీ లేదు.

"ఒళ్ళు వెచ్చన కూడా కాలేదేందిరా?" అంది, నేనేదో దాచిపెట్టినట్టు.

"ఊసి చెయ్యలేదు చిన్నమ్మా. ఊసికి ముందే జబ్బు వచ్చి ఉండింది. డాక్టరు చెప్పె గదా."

చాలాసేపు వేళ్ళ మధ్య థర్మామీటరు తిప్పుతూ కూర్చుంది. నేను కాఫీ పెట్టి తెచ్చాను. తీసుకోలేదు.

"ఆ దినం నీ చేతికి ఇచ్చిన పొట్లం... సముద్రంలో కలిపేస్తివా?"

పొట్లం వాకిట్లో, నా స్కూటర్ పెట్టెలోనే ఉంది.

"కలిపేసినా."

"విప్పి చూస్తివా?"

"చూసినా చిన్నమ్మా. పాపమే, అయినా చూసినా. ఎర్రగన్నేరు. అంత ఎరుపు నేను యాడా చూడలే. నీళ్ళలో వేస్తే దీపస్తంభం దాకా సముద్రం ఎర్రబడిపాయె."

చిన్నమ్మ తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. ఆ పొట్లం కట్టిన చేతులు ఒడిలోనే ఉన్నాయి. నేను కళ్ళు దించలేదు. వీధిలోనుంచి పక్కింటాయన గొంతు, మేడ మీదనుంచి మామ గొంతు, ఊసా రోగమా అని మళ్ళీ మొదలైంది.

"పుట్టినప్పటినుంచీ అబద్ధాలకోరువేరా నువ్వు," అంది.

థర్మామీటరు విదిలించి గొట్టంలో పెట్టింది. కాఫీ కోసం చెయ్యి చాపింది.

"ఆ కిటికీ ముయ్యి," అంది.