తొమ్మిది మండిన ఉదయాలు, ఐదు చల్లని ఉదయాలు

2022 జనవరి చివరి వారం. సత్తెనపల్లిలో నేను కంటి పరీక్షలు చేసే గదికి నాగమణి వచ్చింది. మిరప రాశుల్లోంచి తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడినవి, ఏరడం ఆమె పని. కుడి కంటికి మైనస్ ఒకటి, ఎడమ కంటికి మైనస్ తొమ్మిది. అంత తేడాకు కళ్లద్దాలు పెడితే ఒక కాయ రెండుగా కనిపిస్తుంది. అందుకని ఎడమ కంటికి రోజుకొకటి వాడి పారేసే మెత్తని హైడ్రోజెల్ కాంటాక్ట్ లెన్స్ ఇచ్చాను.

రెండో రోజే తిరిగి వచ్చింది.

"పెట్టుకోగానే మండిపోతోందండి. తాలు వదిలేస్తున్నానని, వచ్చే నెలాఖరుదాకా చూసి వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు మా మేస్త్రి."

స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని కింద చూశాను. లెన్స్ ఉపరితలం శుభ్రంగా ఉంది. కన్నీరు దానిపై సమంగా పరుచుకుంటోంది. ఈ గుణాన్నే మేము వెట్టబిలిటీ అంటాము. కంటిలో పుండు లేదు. కారణం తెలియనప్పుడు నేను ఊహించను, రాయిస్తాను. ఫిబ్రవరి 1 నుంచి 14 వరకు, ఏ పూట మండిందో తేదీలవారీగా రాసి తెమ్మన్నాను.

పద్నాలుగు లెన్సులు, అన్నీ ఒకే పెట్టెలోవి. తొమ్మిది మండాయి, ఐదు మండలేదు. ఆ ఐదూ వరుస తేదీలు.

"ఈ ఐదు రోజులూ ఏం జరిగింది?"

"ఏముందండీ, మా చెల్లెలు వచ్చింది."

"చెల్లెలికీ నీ కంటికీ ఏం సంబంధమమ్మా?"

"దాని చంటిదాన్ని ఎత్తుకోవాలిగా. మిరప చేతులతో ఎత్తుకుంటే ఊరు లేపుతుంది. పని నుంచి రాగానే చేతులకి నూనె పట్టించి, ఆనక సబ్బుతో కడుక్కున్నాను."

"మిగతా రోజులు?"

"లెన్స్‌కి నూనె తగలకూడదని మీరేగా రాసిచ్చింది. పెద్దోరు చెప్పారు గదా అని మానేశాను. సబ్బుతో మూడుసార్లు కడుగుతూనే ఉన్నానండి."

నా సూచన అబద్ధం కాదు. నూనె అంటితే ఆ ఉపరితలంపై నీరు నిలవదు, చూపు మసకబారుతుంది. కాని మిరప ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. సబ్బుకు వదలని ఘాటు తెల్లవారేదాకా వేళ్లపై ఉండి లెన్స్‌కు అంటుకునేది; ఆ మెత్తని పొర దాన్ని కంటికి ఆనించి ఉంచేది.

కాగితం కొట్టివేసి కొత్తది రాశాను: సాయంత్రం నూనె, గుడ్డతో తుడవడం, రెండుసార్లు సబ్బు, ఉదయం మళ్లీ సబ్బు, పొడి చేతులు, ఆ తరువాతే లెన్స్.

ఫిబ్రవరి 15 నుంచి 28 వరకు పద్నాలుగు ఉదయాలు. మంట సున్నా.

మార్చి ఒకటిన నాగమణి నవ్వుతూ వచ్చింది. "ఉండమన్నాడండి మేస్త్రి. ఇవాళ ఆయన ఏరిన రాశిలోనే ఏడు తాలుకాయలు తీసి చేతిలో పెట్టాను."

ఏం చేయకూడదో ఆమెకు చెప్పాను, ఏం చేస్తోందో అడగలేదు. ఆ రోజు నుంచి నా కేసు కాగితంలో, పేరు, వయసు తరువాత, లెన్స్ పవరు కన్నా ముందు ఒక గడి ఉంటుంది: పని నుంచి ఇంటికి రాగానే చేతులు ఎలా కడుక్కుంటారు?